ఆనాటి హాజరు

భీమారావు ముప్పయ్యొక్క ఏళ్ళు రాయపూర్ వ్యాగన్ రిపేరు షాపులో టైమ్ ఆఫీసు గుమాస్తాగా పనిచేశాడు. అన్నేళ్ళలోనూ ఆయన చేతి మీదుగా అన్నిటికన్నా ఎక్కువసార్లు పడ్డ మాటలు రెండే. హాజిర్, గైర్ హాజిర్. పొద్దున్న సైరన్ కూసిన అయిదో నిమిషానికి గేటు పక్క కిటికీ మూసేసేవాడు. ఆరో నిమిషాన వచ్చినవాడు ఎంత కావలసినవాడైనా ఆ పూటకి లేనట్టే. "ఎదురుగా నిలబడే ఉన్నాను కదా బాబూ" అని ఎవరైనా అద్దం మీద కొడితే, "నిలబడ్డావు గానీ రాలేదు" అనేవాడు. డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో తెలుగువాళ్ళు ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవారు. ఆయన భార్య సూరమ్మ మాత్రం, "ఆ కిటికీ ఇంటికి కూడా తెచ్చీసినారు" అని విసుక్కునేది.

2003 వానాకాలంలో ఒకరోజు కమ్మరి షాపు ముస్తకీం భాయ్ ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. గైర్ హాజిర్ పడింది. భోజనాల వేళ ఆయన టిఫిను డబ్బా పట్టుకుని తిన్నగా టైమ్ ఆఫీసుకి వచ్చాడు. పోట్లాటకే వచ్చాడనుకున్నాడు భీమారావు. ఆయన నింపాదిగా కుర్చీ లాక్కుని కూర్చుని, "భీమారావ్ జీ, పొద్దున్న నా పేరుకి ఎదురుగా మీరు రాసిన మాట ఏ భాషదో తెలుసా?" అని హిందీలో అడిగాడు.

"హిందీదే."

"కాదు."

"అయితే తెలుగుదేమో. మా పలాస బళ్ళో మాస్టారు కూడా హాజరే పిలిచేవారు."

ముస్తకీం భాయ్ నవ్వాడు. చిన్నప్పుడు బహ్రాయిచ్ దగ్గర ఒక మదర్సాలో ఎనిమిదేళ్ళు అరబ్బీ చదువుకున్నాడట. తండ్రి పోతే చదువు ఆగింది. మేనమామ వెంట రాయపూర్ వచ్చి సమ్మెట పట్టాడు. పట్టినా, చదివింది మరిచిపోలేదు.

"అరబ్బీలో మాటకి మూడక్షరాలే వేరు," అన్నాడు. "దీని వేరు హే, దాద్, రే. మా షాపులో ఇనప కడ్డీ లాంటిదే. వంచితే కొక్కెం, సాగగొడితే మేకు, తిప్పితే గొలుసు. ఇనుము ఒకటే. ఆ మధ్యలో దాద్ ఉంది చూశారూ, అది నాలుక పక్క నుంచి పలికే బరువైన ద. అరబ్బులకి తప్ప ఎవరికీ నోరు తిరగదు. పారశీకుల నోట జ అయిపోయింది. హాదిర్ అలా హాజిర్ అయి, మీ పలాస దాకా నడిచి వచ్చింది. ఎదుట ఉన్నవాడు అని అర్థం."

"మరి గైర్?"

"దానికీ దీనికీ చుట్టరికం లేదు. గైర్ అంటే ఇతరం, పరాయి. ఎనిమిది నిమిషాలకి నన్ను పరాయివాణ్ణి చేశారు మీరు."

భీమారావు గైరుహాజరు కొట్టెయ్యలేదు. కానీ మర్నాడు భోజనం వేళకి కుర్చీ ముందుగానే వేసి ఉంచాడు. ఆ స్నేహం అలా మొదలైంది. పాత రిజిస్టరులో మిగిలిపోయిన కాగితాల మీద ముస్తకీం భాయ్ అరబ్బీలో మాట రాసేవాడు, భీమారావు పక్కన తెలుగులో అర్థం రాసుకునేవాడు. హుజూర్ అంటే దొరగారు కాదట, సన్నిధి అట. పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలిచే ధైర్యం చాలక, ఆయన ఎదుట ఉండటాన్నే పిలిచారు. హజ్రత్ కూడా ఆ తీరుదే. మహజర్ అన్న మాట రాగానే భీమారావు కుర్చీలోంచి లేచిపోయినంత పనిచేశాడు. ఊరికి కాలవ కావాలని ఆయన తండ్రి అప్పలస్వామి ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించిన కాగితాన్ని ఊళ్ళో అందరూ మహజరే అనేవారు.

"అదే ఇది," అన్నాడు ముస్తకీం భాయ్. "నలుగురూ హాజరైన చోటు. ఆ చోట పుట్టిన కాగితం."

ఇంకొకరోజు హదర్ అన్న మాట రాశాడు. ఒంటెలు తోలుకుంటూ తిరిగేవాళ్ళు కాకుండా, ఒకచోట గోడ కట్టుకుని నిలిచిపోయినవాళ్ళని అరబ్బులు అలా అంటారట. "మీరు పలాస నుంచి, నేను బహ్రాయిచ్ నుంచి. ఇద్దరం ఇక్కడ హదర్ అయిపోయాం," అన్నాడు. భీమారావు కొడుకు వీరేంద్ర అప్పటికి పదిహేనేళ్ళవాడు. సాయంత్రాలు వీళ్ళిద్దరూ ఇంటి అరుగు మీద కూర్చుని ఆ బరువైన ద పలకబోయి నాలుక కరుచుకుంటూంటే, వాడు లోపలినుంచి వచ్చి ఒక్కసారికే సరిగ్గా పలికి వెళ్ళిపోయేవాడు.

వీరేంద్ర ఐటీఐ చదివాడు. రైల్వే పరీక్ష రెండుసార్లు రాశాడు, రాలేదు. చివరికి ఉర్లాలో ఒక రోలింగు మిల్లులో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద చేరాడు. ఇనప కడ్డీలు మోపులు కట్టే పని. అక్కడ హాజరు ఎలా వేస్తారని మొదటిరోజే అడిగాడు భీమారావు.

"రోజూ ఎవరూ వెయ్యరు నాన్నా. నెలాఖరుకి ఒకసారి కూర్చోబెట్టి అన్నిటికీ సంతకాలు పెట్టించుకుంటారు."

"అదేం పద్ధతి? ఏ రోజుది ఆ రోజే పడాలి. నేను వచ్చి మాట్లాడనా?"

"వద్దు నాన్నా. నవ్వుతారు," అన్నాడు వీరేంద్ర. భీమారావు రిటైరయ్యాక, కాలనీ పక్కనే చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని ఉన్నా, పొద్దున్న ఆరింటికి లేచి కొడుకుని మిల్లుకి పంపడం ఆయనకి ఇంకా ఒక ఉద్యోగంలాగే ఉండేది.

2012 ఫిబ్రవరిలో కూతురు రాజశ్రీకి పురుడు వస్తే సూరమ్మ విశాఖపట్నం వెళ్ళింది. ఇంట్లో తండ్రీకొడుకులే. వీరేంద్రకి జ్వరం తగిలింది. డాక్టరు మందులు రాసి, రెండు రోజులు విశ్రాంతి తీసుకోమని అదే చీటీ మీద రాశాడు. మర్నాడు పొద్దున్న వాడు మంచం దిగలేదు.

"ఒళ్ళంతా నొప్పులుగా ఉంది నాన్నా. ఇవాళ మానేస్తాను."

భీమారావు నుదురు మీద చెయ్యి వేసి చూశాడు. వెచ్చగానే ఉంది. రాత్రికన్నా నయం.

"తగ్గుముఖం పట్టింది. మాత్ర వేసుకుని వెళ్ళు. ఇన్నేళ్ళలో నేను జ్వరమని ఎన్నాళ్ళు మానేశానో మీ అమ్మనడుగు."

వీరేంద్ర ఎదురు చెప్పలేదు. లేచి మొహం కడుక్కున్నాడు. భీమారావే పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టి చేతికిచ్చాడు. వాడు సైకిలెక్కి వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాడు.

పన్నెండు దాటాక ఫోను వచ్చింది. ఆస్పత్రికి వెళ్ళేసరికి వీరేంద్ర లేడు. టాటీబంధ్ చౌకులో లారీ గుద్దిందని చెప్పి ఎవరో ఇద్దరు దింపి వెళ్ళిపోయారట. కాలనీ నుంచి ఉర్లా వెళ్ళే దారిలో టాటీబంధ్ తగలదు. పైగా వాడి చొక్కా నిండా, చెవుల్లో, గోళ్ళ కింద మిల్లులో రాలే నల్లటి ఇనప పొలుసు ఉంది. భీమారావు ఆ గోళ్ళ వంకే చూస్తూ నిలబడ్డాడు. పోలీసులు సంతకం పెట్టమంటే పెట్టాడు. దేనికి పెడుతున్నాడో ఆయనకి తెలియలేదు.

పదకొండో రోజు వెళ్ళాక మిల్లుకి వెళ్తే ఠేకేదారు మర్యాదగానే కూర్చోబెట్టాడు. "చాలా ఘోరం జరిగింది సాబ్. కానీ ఆరోజు మీ అబ్బాయి డ్యూటీకి రాలేదు. చూడండి," అని రిజిస్టరు తిప్పి చూపించాడు. వీరేంద్ర పేరుకి ఎదురుగా ఆ తేదీ గడిలో గైర్ హాజిర్ అని ఉంది. నెలంతా ఒకే కలంతో, ఒకే చేత్తో, ఒక్కసారే కూర్చుని రాసిన గడులని భీమారావు కళ్ళు పట్టేశాయి. ఎన్ని వేలసార్లు రాశాడు ఆ మాట. దాన్ని చూసి కళ్ళు తిరగడం అదే మొదటిసారి.

అంతకుముందు, విశాఖ నుంచి వచ్చిన రోజున, కొడుకు శవం దగ్గర కూర్చుని సూరమ్మ ఒకటే అడిగింది. "ఆడికి జొరం తగ్గిందా?"

"తగ్గింది," అన్నాడు భీమారావు. "తగ్గాకే వెళ్ళాడు."

ఆమె ఇంకేమీ అడగలేదు.

కేసు వెయ్యమన్నది ముస్తకీం భాయే. యూనియన్ల కేసులు చూసే సుభద్ర అనే వకీలు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ కాగితాలన్నీ చదివి, "ఈ కేసులో తేలవలసింది ఒక్కటే. ఆరోజు మీ అబ్బాయి మిల్లులో ఉన్నాడా, లేడా," అంది. ముస్తకీం భాయ్ మిల్లు కూలీల పేరు మీద మహజర్ ఒకటి స్వయంగా రాశాడు. ఉర్లా బస్తీల్లో గుమ్మం గుమ్మానికీ తిరిగాడు. అందరూ టీ ఇచ్చారు, అందరూ బాధపడ్డారు. సంతకం దగ్గరికి వచ్చేసరికి ఒక్కడి చెయ్యీ లేవలేదు. ఆరోజు క్రేన్ నడిపిన ధనుంజయ్ అయితే తలుపే తియ్యలేదు.

రెండేళ్ళు వాయిదాలు నడిచాయి. 2014 చలికాలంలో లేబర్ కోర్టు వరండాలో బంట్రోతు తండ్రి పేరు కలిపి గొంతెత్తి పిలిచాడు.

"భీమారావ్ వల్ద్ అప్పలస్వామీ, హాజిర్ హో."

ఆయన బోనెక్కాడు. సూరమ్మ వెనక బెంచీ మీద, ముస్తకీం భాయ్ పక్కన కూర్చుంది. మిల్లు తరఫు వకీలు కుర్రవాడు, నెమ్మదస్తుడు. శవం జేబులో దొరికిందని పోలీసులు దాఖలు చేసిన డాక్టరు చీటీని పైకెత్తి చూపించాడు.

"రెండు రోజులు విశ్రాంతి అని ఇందులో ఉంది. నిజమేనా?"

"నిజమే."

"అంత జ్వరంలో ఉన్న మనిషి మోపులు కట్టే పనికి ఎందుకు వెళ్తాడు? ఊరికే ఎక్కడికో బయల్దేరి టాటీబంధ్‌లో ప్రమాదంలో చిక్కుకున్నాడంటే కాదనగలరా?"

సుభద్ర ఏదో అభ్యంతరం చెప్పబోయింది. భీమారావు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన చూపు జడ్జి మీద లేదు, వకీలు మీదా లేదు. వెనక బెంచీ మీదకి వెళ్ళబోయి, దారిలోనే నేల మీద పడిపోయింది.

"వాడు వెళ్ళనన్నాడు హుజూర్. ఒళ్ళు నొప్పులన్నాడు. నేనే వెళ్ళమన్నాను. అన్నం డబ్బా కూడా నేనే చేతికిచ్చాను. నేను చెప్పాక వాడు వెళ్ళకుండా ఉండడు. అందుకని వాడు మిల్లులోనే ఉన్నాడు."

 గుమాస్తా ఆ మాటలు రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు.

బయటికి వచ్చాక సూరమ్మ వరండా చివర గోడకి ఆనుకుని నిలబడి ఉంది. భీమారావు దగ్గరికి వెళ్ళి నోరు తెరవబోయాడు. ఆమే ముందు అంది.

"ఆ పొద్దు ఆడు నాకు ఫోన్ సేసినాడు. 'నాన పంపిత్తన్నారమ్మా, ఎల్తన్నాను' అన్నాడు. నాకు ఆనాడే తెలుసు."

"తెలిసి... నన్నెందుకు అడగలేదు సూరమ్మా?"

"మీరే సెప్తారని సూసినాను. రెండేళ్ళు సూసినాను. పక్కనే తొంగున్నాను, పక్కనే కూకున్నాను. నాకు సెప్పలేదు. ఇయ్యాల ఆ జడ్జీకి సెప్పినారు."

ఆమె గొంతులో కోపం లేదు. అదే ఆయనకి భరించరానిదైంది. తిట్టి ఉంటే కాళ్ళ మీద పడి ఉండేవాడు. ఆ వారమే ఆమె రాజశ్రీ దగ్గరికి వెళ్ళిపోయింది. స్టేషన్లో రైలు కదిలేటప్పుడు, "ఉప్పు డబ్బా పై అరలో పెట్టినాను" అని మాత్రం చెప్పింది.

ఆ తర్వాత నెలకి ధనుంజయ్ వచ్చాడు. ముస్తకీం భాయ్ ఆదివారం ఆదివారం వాళ్ళ బస్తీకి వెళ్ళడం మానలేదు. కోర్టులో జరిగింది గుమ్మం బయట నిలబడే చెప్పి వచ్చాడట. నలభై ఏళ్ళుంటాయి ధనుంజయ్‌కి. మహాసముంద్ వైపు మనిషి. భీమారావు ఇంట్లో చాప మీద తల వంచుకుని కూర్చుని చెప్పాడు.

"మోపు కట్టిన తీగ తెగింది సాబ్. నేను కిందికి దిగేసరికి వీరేంద్ర నడుం దాకా దాని కింద ఉన్నాడు. బయటికి లాగాం. ప్రాణం ఉంది. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. బండి అరగంట దాకా కదల్లేదు. ఎక్కడికి తీసుకెళ్ళాలి, ఏమని చెప్పాలి అని ఠేకేదారు వాళ్ళు ఫోన్లు చేసుకుంటున్నారు."

"మాట్లాడాడా?" అని అడిగాడు భీమారావు.

"మొదట హిందీలోనే మాట్లాడాడు. నీళ్ళు అడిగాడు, పోశాను. తర్వాత మీ భాషలోకి వెళ్ళిపోయాడు. ఒకే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. దుపట్టా, దుపట్టా అన్నట్టు వినిపించింది. ఎవరో అమ్మాయి గుర్తొచ్చి ఉంటుందనుకున్నాను. పెళ్ళి కావలసిన కుర్రాడు కదా. ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా అదే చెప్పాను." అప్పుడు తలెత్తాడు. "తర్వాత ఆలోచిస్తే దుపట్టా కాదు. చివర ఇంకోలా ఉంది. దుప్... దుప్పటి. అంటే ఏమిటి సాబ్?"

భీమారావు హిందీలో చెప్పాడు.

"కంబళి. రజాయి. కప్పుకునేది."

ధనుంజయ్ మొహం పాలిపోయింది. "చలేసింది వాడికి," అన్నాడు తనలో తను. "షెడ్డులో గోనె పట్టాలు బోలెడున్నాయి. నా చేతికి అందే దూరంలోనే ఉన్నాయి."

వచ్చే వాయిదాకి వచ్చి చెప్తానని మాటిచ్చి వెళ్ళాడు. చెప్పాడు కూడా. ఆ మర్నాడే పని పోయింది.

ధనుంజయ్ ఇంటికి వచ్చి వెళ్ళిన సాయంత్రమే భీమారావు అరుగు మీద కూర్చుని, విన్నదంతా ముస్తకీం భాయ్‌కి చెప్పాడు. ముస్తకీం భాయ్ విని అన్నాడు.

"ఆ వేరులోంచి మీకు చెప్పని మాట ఒకటుంది. అన్నేళ్ళూ రాస్తూ, అది వచ్చినప్పుడల్లా దాటేశాను. ముహ్తదర్. ప్రాణం పోతున్న మనిషిని అలా అంటారు. మాటకి మాట చూస్తే, ఎవరి దగ్గరికి హాజరయ్యారో అతను. మృత్యువే వచ్చి ఎదుట నిలిచిందనీ అంటారు, దేవదూతలు వచ్చి కూర్చుంటారనీ అంటారు. ఏదైనా, ఆ ఘడియలో మనిషి ఒంటరివాడు కాడని ఆ మాటలోనే ఉంది. వీరేంద్ర తల ఒక మనిషి ఒళ్ళో ఉంది భీమారావ్ జీ. అది కొంచెం మాట కాదు."

"నేను లేను కదా అక్కడ," అన్నాడు భీమారావు.

  ముస్తకీం భాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మరుసటి ఏడు ఆషాఢంలో తీర్పు వచ్చింది. పది పేజీల హిందీ. భీమారావు వేలు పెట్టి వరస వరసా వెతుక్కున్నాడు. మరణించిన వ్యక్తి ఘటన జరిగిన రోజున విధుల్లో ఉన్నాడని రాసి ఉంది. హాజిర్ అని కూడా కాదు, కోర్టువారి కొత్త హిందీలో ఉపస్థిత్ అని. ఇన్నాళ్ళూ ఏ మాట కోసం తిరిగాడో అది అందులో లేదు. అర్థం మాత్రం అదే. సుభద్ర అభినందనలు చెప్పింది. ఆయన నమస్కారం పెట్టి, కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని తిన్నగా స్టేషనుకి వెళ్ళి, విశాఖకి రానూపోనూ టిక్కెట్టు కొనుక్కున్నాడు.

కంచరపాలెంలో రాజశ్రీ ఇంటి తలుపు సూరమ్మే తీసింది. మంచినీళ్ళిచ్చింది. చిక్కిపోయింది. మూడేళ్ళ మనవరాలు ఈ కొత్త తాతయ్యని చూసి తల్లి వెనక దాక్కుంది. రాజశ్రీ తీర్పు చదివి, ఆ వాక్యం తెలుగులో చెప్పింది.

"రాసీసినారా," అంది సూరమ్మ. "ఆడొచ్చినాడని. మంచిదే. ఆడు మీ మాట ఎప్పుడు కాదన్నాడు గనక."

అంతటితో లేచి వంటింట్లోకి వెళ్ళింది. భీమారావు వెనకే వెళ్ళి గడప దగ్గర నిలబడ్డాడు. దారి పొడుగునా, రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఇది చెప్పాలా వద్దా అనే ఆలోచించాడు. చెప్తే ఆమె గుండె ఇంకోసారి పగులుతుంది. చెప్పకపోతే ఇంకో రెండేళ్ళు ఆమె పక్కన దాచుకుని కూర్చోవాలి.

"ఇంకోటుంది సూరమ్మా. నీకే చెప్పాలి," అన్నాడు.

చెప్పాడు. తీగ తెగడం, అరగంట, ధనుంజయ్ ఒడి, నీళ్ళు, చివర వాడి మాట. ఒక్కటీ దాచలేదు. సూరమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పొయ్యి మీద పప్పు పొంగి మంట మీద పడింది. రాజశ్రీ వచ్చి పొయ్యి కట్టేసింది.

"ఎవులైనా కప్పినారా?" అని అడిగింది సూరమ్మ.

"లేదు. ఆ మనిషికి తెలుగు రాదు."

ఆమె గోడ వారగా నేల మీద కూలబడింది. కొడుకు పోయిన రోజున కూడా అంత ఏడవలేదని రాజశ్రీ తర్వాత చెప్పింది. భీమారావు ఆమె పక్కనే, ఒక చెయ్యి దూరంలో కూర్చున్నాడు. ఓదార్చలేదు. ఓదార్చే హక్కు తనకి ఉందని ఆయన అనుకోలేదు.

సాయంత్రం బండికి ఆయనకి తిరుగు టిక్కెట్టు ఉంది. బండి వేళ అయింది, దాటిపోయింది. వెళ్ళమని ఆమె అనలేదు. ఉండమనీ అనలేదు.